మా అక్కది రాతి గుండెనా, మానని గాయమా?

ఈసారి వచ్చిన ఉత్తరం చాలా పెద్దది. ముఖ్యమైన సంగతులు క్లుప్తంగా చెబుతాను. రాసినావిడకు 33 ఏళ్లు. భర్త, ఏడేళ్ల కూతురు ఉన్నారు. ఉత్తరమంతా తనకంటే ఐదేళ్లు పెద్దదైన అక్క గురించే.

తల్లి పోయేనాటికి ఈమెకు తొమ్మిదేళ్లు, అక్కకు 14. తండ్రి తాగి వచ్చి కొట్టేవాడు. చెల్లెలి మీద పడాల్సిన దెబ్బలు కూడా అక్కే అడ్డుపడి తినేది. చెల్లెల్ని బడికి తయారుచేసి పంపింది, తన చదువు మానేసి ఆమెను చదివించింది. ఆ అక్కే ఇప్పుడు అంతుపట్టని మనిషైపోయింది. రెండు పెళ్లిళ్లు నిలవలేదు. ఏ ఉద్యోగమూ ఏడాది దాటలేదు. కొత్తవాళ్లు మాత్రం పది నిమిషాల్లో ఆమె మాటలకు పడిపోతారు.

నాలుగేళ్ల కిందట, కణితి ఉంది, ఆపరేషన్ చేయించుకోవాలి అని చెప్పి చెల్లెలు దాచుకున్న డబ్బంతా తీసుకుంది. కణితీ లేదు, ఆపరేషనూ లేదు. నిలదీస్తే, "నీ దగ్గర ఉంది, నాకు కావాల్సి వచ్చింది. దీనికింత రాద్ధాంతమెందుకు?" అంది. మాటలో తడబాటు లేదు. పోయిన ఏడాది చెల్లెలి భర్తకు ఫోన్ చేసి, "నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను" అంటూ, చెల్లెలు తన పాత క్లాస్‌మేట్‌తో ఇంకా మాట్లాడుతోందని అబద్ధం చెప్పింది. ఎనిమిది నెలలు ఆ ఇంట్లో మనశ్శాంతి లేదు. ఆ ఎనిమిది నెలలూ రోజూ ఫోన్ చేసి చెల్లెల్ని ఓదార్చింది కూడా ఆ అక్కే.

ఇంకోవైపు, ఫోన్ ఎత్తకపోతే రాత్రంతా ముప్పై, నలభై కాల్స్. "నువ్వూ నన్ను వదిలేస్తున్నావు, నేను చచ్చిపోతాను" అని మెసేజ్‌లు. రెండుసార్లు తనను తాను గాయపరచుకుంది. తెల్లారేసరికి ఏడుస్తూ, "నేను చెడ్డదాన్ని, నన్ను వదలొద్దు" అని బతిమాలుకోవడం. ఒకసారి పాప కిందపడి, మోకాలు చీరుకుపోయి ఏడుస్తుంటే పక్కనే కూర్చుని ఫోన్ చూసుకుంటూ ఉండిపోయింది. అదే పాపకు జ్వరం వచ్చినప్పుడు రెండు రాత్రులు కన్నంటుకోకుండా కాపలా ఉంది.

ఐదేళ్ల కిందట ఒక డాక్టరు బోర్డర్‌లైన్ (భావోద్వేగాలు, సంబంధాలు నిలకడగా ఉండని ఒక వ్యక్తిత్వ రుగ్మత) అని చెబితే అక్క మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఇప్పుడు ఆడపడుచు కొన్ని వీడియోలు చూసి, "మీ అక్క పక్కా సైకోపాత్. ఆడ సైకోపాత్‌లు ఇలాగే ఉంటారట" అని తేల్చేసింది. ఇంతలో, నాలుగు రోజుల కిందట అక్క నుంచి మెసేజ్ వచ్చింది. ఇల్లు ఖాళీ చేస్తోందట, మూడు నెలలు వీళ్లింట్లో ఉంటుందట. దానికి ఈమె ఇంకా జవాబివ్వలేదు.

"మా అక్క సైకోపాతా, బోర్డర్‌లైనా, రెండూనా? ఇంట్లోకి రానివ్వనా, వద్దా? నా ఒంట్లోనూ అదే రక్తం ఉంది. నా కూతురు కోపం వస్తే వస్తువులు విసిరేస్తోంది, అది చూస్తే భయమేస్తోంది. అక్కను తలచుకుంటే ఒక పక్క కోపం, ఒక పక్క కన్నీళ్లు" అని ముగించారు.

అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చివరి వాక్యం దగ్గర ప్రతిసారీ ఆగిపోయాను. కోపం, కన్నీళ్లు రెండూ రావడంలో తప్పేమీ లేదు. మిమ్మల్ని కాపాడిందీ, మిమ్మల్ని ముంచిందీ ఒకే మనిషి. ఈ రెండిట్లో ఏదో ఒకటే నిజమై ఉండాలని మీ ఆడపడుచు అనుకుంటున్నారు. మీరూ అలాగే అనుకోవడం మొదలుపెట్టారు. నాకు అలా అనిపించలేదు.

మీ అక్కను నేను చూడలేదు. చూడని మనిషికి రుగ్మత పేరు పెట్టే హక్కు నాకు లేదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1973లోనే దీన్ని నియమంగా పెట్టుకుంది: స్వయంగా పరీక్షించకుండా, అనుమతి తీసుకోకుండా, ఒక ప్రముఖ వ్యక్తి మానసిక స్థితి మీద డాక్టరు బహిరంగంగా అభిప్రాయం చెప్పకూడదని. ప్రముఖుల కోసం పెట్టిన ఆ నియమం మన ఇళ్లలోని మనుషులకు ఇంకా ఎక్కువగా వర్తించాలని నేను నమ్ముతాను. ప్రముఖుడికి అతని తరఫున మాట్లాడేవాళ్లుంటారు, మీ అక్కకు ఎవరూ లేరు. అందుకే ఆమె ఫలానా అని నేను తేల్చను. మీరు రాసిన సంఘటనలు ఒక్కొక్కటీ ఎటు చూపిస్తున్నాయో మాత్రం చెబుతాను.

ముందు ఆ మాట సంగతి. మన నోళ్లలో పడి 'సైకో' అనే మాట అర్థం పోగొట్టుకుంది. కోపం ఎక్కువైతే సైకో, వెంటపడి వేధిస్తే సైకో, మతి చలిస్తే కూడా సైకోనే. నిజానికి సైకోసిస్ వేరు, సైకోపతి వేరు. సైకోసిస్ వచ్చిన మనిషికి లేని మాటలు వినబడతాయి, లేని కుట్రలు ఉన్నాయని గట్టి నమ్మకం కలుగుతుంది. సైకోపతిలో అలాంటివేమీ ఉండవు, తెలివి చెక్కుచెదరదు. అక్కడ ఉండే లోపం వేరు. ఎదుటివాళ్ల బాధ మనసుకు తాకదు. తప్పు చేశానన్న కుంగుబాటు రాదు. అందరికీ వేసే భయం కూడా అంతగా వేయదు.

1941లో హార్వీ క్లెక్లీ అనే అమెరికన్ సైకియాట్రిస్టు తన దగ్గరికి వచ్చిన ఇలాంటివాళ్ల గురించి వివరంగా ఒక పుస్తకం రాశాడు. ఆ పుస్తకం తర్వాతి ముద్రణల్లో ఆడవాళ్ల కథలు కూడా చేరాయి. ఆయన గుర్తించిన 16 లక్షణాల్లో పైకి కనిపించే ఆకర్షణ, అబద్ధం, పశ్చాత్తాపం లేకపోవడం ఉన్నాయి. వీటిని మీ ఆడపడుచు చూపిస్తున్న వీడియోల్లోనూ చెప్పి ఉంటారు. కానీ అదే పట్టికలో ఇంకో రెండు లక్షణాలున్నాయి. ఒకటి, ఆందోళన, టెన్షన్ లాంటివి కనిపించకపోవడం. రెండోది, చచ్చిపోతానని బెదిరించినా నిజంగా ఆ పనికి పూనుకోవడం చాలా అరుదు కావడం. క్లెక్లీ చూసిన మనుషులు లోపల ప్రశాంతంగా ఉంటారు, అదే వాళ్లలో భయపెట్టే విషయం. రాత్రంతా నలభై కాల్స్ చేసే మనిషిలో ఆ ప్రశాంతత ఎక్కడుంది?

ఆ తర్వాత కెనడాకు చెందిన సైకాలజిస్టు రాబర్ట్ హేర్ సైకోపతిని కొలవడానికి ఒక చెక్‌లిస్టు తయారుచేశాడు. ఇప్పుడు వాడుతున్న సవరించిన రూపం 1991లో అచ్చయింది. అందులో 20 అంశాలుంటాయి. ఒక్కోదానికి సున్నా, ఒకటి, లేదా రెండు మార్కులు, మొత్తం 40. ఉత్తర అమెరికాలో 30 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే సైకోపతి అంటారు. శిక్షణ ఉన్నవాళ్లు గంటల తరబడి మాట్లాడి, పాత రికార్డులన్నీ తిరగేసి మార్కులు వేస్తారు. మీరు గమనించాల్సింది ఏమిటంటే, ఆ చెక్‌లిస్టు ముఖ్యంగా జైళ్లలో ఉన్న మగవాళ్లను చూసి తయారైంది. కాబట్టి అది ఆడవాళ్లకు అచ్చంగా సరిపోతుందా అని పరిశోధకులు చాలాకాలంగా వాదించుకుంటున్నారు. దాంతో కొలిచినప్పుడు ఆడవాళ్లలో సైకోపతి మగవాళ్లలో కంటే తక్కువగా కనబడుతుంది. నిజంగానే తక్కువా, లేక ఆడవాళ్లలో వేరే రూపంలో ఉండి కొలతకు అందడం లేదా అన్నది ఆ వాదనకు మూలం.

ఆ వేరే రూపం ఏమిటో మీ ఇంట్లోనే ఒక ఉదాహరణ ఉంది. నిక్కీ క్రిక్, జెనిఫర్ గ్రోట్‌పీటర్ అనే ఇద్దరు పరిశోధకులు 1995లో బడి పిల్లల్ని గమనించి, చెయ్యి చేసుకోకుండా, సంబంధాలను దెబ్బతీసి బాధపెట్టే పద్ధతి ఒకటుందని చూపించారు. పుకారు పుట్టించడం, జట్టులోంచి వెలివేయడం, స్నేహాన్ని ఎర వేసి లొంగదీసుకోవడం. వాళ్లు చూసిన ఆడపిల్లల్లో ఇది ఎక్కువగా కనిపించింది. మీ భర్తకు మీ అక్క చేసిన ఫోన్ సరిగ్గా ఇదే. చెయ్యి ఎత్తకుండానే మిమ్మల్ని మీ ఇంట్లోనే ఒంటరిని చేసింది. మగవాడిలో సైకోపతి కొట్లాటగా, దొంగతనంగా బయటపడే చోట, ఆడవాళ్లలో ఇలా బయటపడవచ్చని చాలామంది నిపుణులు అంటారు. అంతమాత్రాన ఇలా చేసినవాళ్లంతా సైకోపాత్‌లు అయిపోరు. అసూయతో, భయంతో కూడా మనుషులు ఈ పని చేస్తారు. మిమ్మల్ని భర్త నుంచి దూరం చేస్తే మీరు పూర్తిగా తనవాళ్లవుతారన్న ఆశతో కూడా చేస్తారు. ఆ ఎనిమిది నెలలూ రోజూ ఫోన్ చేసిందన్నారు కదా. ఎందుకు చేసిందో ఆలోచించండి. మీ ఏడుపు వినడం ఆమెకు సరదాగా ఉందా, లేక మీకు దిక్కు తానొక్కతే కావడం హాయిగా ఉందా? రెండూ చెడ్డవే. అయితే ఇవి రెండు వేర్వేరు మనసులు.

ఇక డాక్టరు చెప్పిన బోర్డర్‌లైన్ సంగతి. సైకియాట్రిస్టులు వాడే 2013 నాటి డీఎస్‌ఎం-5 గ్రంథంలో దీనికి తొమ్మిది లక్షణాలు రాశారు, కనీసం ఐదు ఉండాలి. వదిలేస్తారన్న భయంతో చేసే విపరీతమైన పనులు, ఇవాళ దేవుడన్న మనిషే రేపు దెయ్యమైపోయే సంబంధాలు, తానెవరో తనకే తెలియకపోవడం, తనను తాను గాయపరచుకోవడం, గంటల్లో మారిపోయే మూడ్, లోపలంతా ఖాళీగా అనిపించడం, ఆపుకోలేని కోపం, ముందూవెనకా చూడకుండా చేసే పనులు, ఒత్తిడిలో ఉన్నప్పుడు అనుమానాలు లేదా తనలో తాను లేనట్టు అయిపోవడం. అర్ధరాత్రి కాల్స్, గాయాలు, తెల్లారాక పడే సిగ్గు అన్నీ ఇటే చూపిస్తున్నాయి. చిన్నప్పుడు దెబ్బలు తిన్నవాళ్లలో, తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్నవాళ్లలో ఈ రుగ్మత ఎక్కువగా కనిపిస్తుంది. ఆ డాక్టరు ఒక్కసారి చూసి అలా చెప్పారంటే, ఆ మాటకు ఆధారం లేకపోలేదు.

సైకోపతి అనేది మాత్రం ఆ గ్రంథంలో విడి రోగంగా లేదు. దానికి దగ్గరగా ఉండేది యాంటీ సోషల్ పర్సనాలిటీ డిజార్డర్, అంటే ఇతరుల హక్కులను, నియమాలను లెక్కచేయని వ్యక్తిత్వ రుగ్మత. దానికి రెండు షరతులున్నాయి. మనిషికి 18 ఏళ్లు నిండాలి, 15 ఏళ్లలోపే ప్రవర్తన దారి తప్పిన గుర్తులుండాలి: జంతువుల్ని హింసించడం, దొంగతనాలు, బడికి వెళ్లకుండా తిరగడం, కావాలని వస్తువులు ధ్వంసం చేయడం, ఇలాంటివి. 14 ఏళ్ల వయసులో మీ అక్క ఏం చేస్తోంది? మీకు తల్లి అయ్యింది. మీకు పడాల్సిన దెబ్బలు తన ఒంటి మీద వేయించుకుంది. మీకు గుర్తున్న ఆ పిల్లను పక్కనబెట్టి, పది నిమిషాల వీడియో చెప్పిన మాటను నమ్మకండి.

నార్సిసిస్టిక్, హిస్ట్రియానిక్ అనే మరో రెండు పేర్లు కూడా మీ చెవిన పడి ఉంటాయి. మొదటిదాంట్లో మనిషికి పొగడ్త ఊపిరిలాంటిది, తాను అందరికంటే పైనున్నానన్న భావన వదలదు. రెండోదాంట్లో అందరి చూపూ తన మీదే ఉండాలి. ఈ నాలుగూ ఒకే గుంపుకు చెందినవి, ఒకదాని లక్షణం ఇంకోదాంట్లోకి జారిపోతూనే ఉంటుంది. ఇక్కడ ఆడవాళ్లకు ఒక అన్యాయం కూడా జరిగింది. ఫోర్డ్, విడిగర్ అనే ఇద్దరు 1989లో ఒక పరిశోధన చేశారు. ఒకే రకమైన రోగి కథను కొందరు సైకాలజిస్టులకు ఆడమనిషి కథగా, కొందరికి మగమనిషి కథగా చెప్పారు. కథ అదే అయినా, ఆడమనిషి అన్నప్పుడు యాంటీ సోషల్ అనాల్సిన చోట కూడా హిస్ట్రియానిక్ అన్నవాళ్లు ఎక్కువయ్యారు. బోర్డర్‌లైన్ విషయంలోనూ ఇలాంటిదే. డాక్టర్ల దగ్గర ఆ పేరు పడ్డవాళ్లలో నాలుగింట మూడొంతులు ఆడవాళ్లేనని డీఎస్‌ఎం చెబుతుంది. బయట జనాభాలో సర్వే చేస్తే ఆడామగా తేడా బాగా తగ్గిపోతుంది. అంటే పేరు పెట్టేవాళ్ల కళ్లద్దాలు కూడా ఫలితాన్ని మారుస్తాయి. ఇది రెండు వైపులా కోస్తుంది. నిజంగా కనికరం లేని స్త్రీని "పాపం, ఎమోషనల్" అని వదిలేయవచ్చు. గాయపడ్డ స్త్రీని "ఆడదై ఉండి ఇంత కఠినమా" అని సైకోపాత్‌ను చేయవచ్చు.

ఈ తికమక వల్లే, 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల పట్టిక ఐసీడీ-11లో వ్యక్తిత్వ రుగ్మతలకు ఇన్ని విడి పేర్లు తీసేశారు. తీవ్రత ఎంత, ఏ లక్షణాలు ముందున్నాయి అని మాత్రమే చూస్తారు. బోర్డర్‌లైన్ తరహా అన్న గుర్తింపును అవసరమైతే చేర్చుకునే వీలు ఉంచారు.

"రెండూనా?" అని మీరు అడిగిన ప్రశ్న తెలివైన ప్రశ్న. బెన్ కార్ప్‌మన్ అనే సైకియాట్రిస్టు 1940ల్లోనే సైకోపతి రెండు రకాలన్నాడు. మొదటిది పుట్టుకతోనే చల్లబడిన గుండె. రెండోది బతుకు కొట్టిన దెబ్బలకు గట్టిపడిన గుండె, లోపల ఆందోళన ఉంటుంది, కోపం ఉంటుంది, పైకి మాత్రం దయ కనిపించదు. ఈ రెండో రకానికీ బోర్డర్‌లైన్‌కూ ముఖ్యంగా ఆడవాళ్లలో చాలా పోలిక ఉందని ఇటీవలి పరిశోధకులు చూపిస్తున్నారు. బోర్డర్‌లైన్ అనేది కొందరు స్త్రీలలో సైకోపతి తీసుకునే రూపమేమో అన్నవాళ్లు కూడా ఉన్నారు. అది ఇంకా తేలని మాట.

ఇప్పుడు మీ ఉత్తరాన్ని మళ్లీ చూద్దాం. నన్ను నిజంగా కలవరపెట్టిన సంఘటన ఒక్కటే, కణితి అబద్ధం. అబద్ధం ఆడినందుకు కాదు. పట్టుబడ్డాక ఆమె అన్న మాటకు. "నీ దగ్గర ఉంది, నాకు కావాల్సి వచ్చింది." అందులో మీరు లేరు. మీరు ఎన్నేళ్లు కష్టపడి ఆ డబ్బు దాచుకున్నారో లేదు. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను, మీరూ తీసుకోకండి. అయితే ఒక్క విషయం గుర్తు చేసుకోండి. ఆ తర్వాత ఎప్పుడైనా, అడగకుండా, ఏ లాభమూ లేని సమయంలో, ఆ డబ్బు గురించి సిగ్గుపడిందా? కొంతైనా తిరిగిచ్చే ప్రయత్నం చేసిందా? తప్పు చేసిన క్షణంలో బోర్డర్‌లైన్ ఉన్నవాళ్లు కూడా రాయిలా మాట్లాడతారు, సిగ్గును తట్టుకోలేక. తేడా తెలిసేది ఆ వేడి చల్లారాక. సిగ్గు వెనక్కి వచ్చిందా, రాలేదా అన్నది ఏ చెక్‌లిస్టు కంటే దగ్గరగా చూడగలిగింది మీరే. పాప మోకాలు సంగతి మాత్రం నేను పక్కన పెడతాను. ఒక్క మధ్యాహ్నం ఎవరి మనసైనా ఎక్కడో ఉండవచ్చు. ఒత్తిడిలో తనలో తాను లేనట్టు అయిపోవడం కూడా ఉందని ఇందాక చెప్పాను కదా. రెండు రాత్రుల జాగరణ మాత్రం నటించడం కష్టం, చూసేవాళ్లు లేనప్పుడు మరీ కష్టం.

మొత్తం మీద నాకు రాయి కంటే గాయమే ఎక్కువ కనిపిస్తోంది. అది నా అంచనా మాత్రమే. పైగా గాయపడ్డ చెయ్యి కొట్టిన దెబ్బ తక్కువ నొప్పి పెట్టదు. మీ ఇంటి తలుపు విషయం తేల్చడానికి ఆమె రుగ్మత పేరు అక్కర్లేదు. ఆమె ఏం చేసింది, మళ్లీ చేసే అవకాశం ఎంత, మీరు ఎంత తట్టుకోగలరు, ఇవి చాలు.

పేరు అవసరమయ్యేది వైద్యం విషయంలో. బోర్డర్‌లైన్‌కు మంచి చికిత్స ఉంది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మార్షా లినెహాన్ అనే సైకాలజిస్టు, ఉద్వేగాలను అదుపులో పెట్టుకోవడం నేర్పే డయలెక్టికల్ బిహేవియర్ థెరపీని రూపొందించి, అది తమను తాము గాయపరచుకోవడాన్ని తగ్గిస్తుందని 1991లో ప్రచురించిన పరిశోధనలో చూపించారు. 2011లో ఆమె, తాను కూడా యవ్వనంలో ఇలాగే తనను గాయపరచుకుంటూ ఆసుపత్రిలో గడిపానని బయటపెట్టారు. రోగులను పదేళ్ల పాటు గమనించిన పరిశోధనల్లో అత్యధికుల్లో లక్షణాలు ఆ రుగ్మత గీత కిందికి దిగిపోయాయి. ఉద్యోగం, సంబంధాలు కుదుటపడటానికి మాత్రం ఇంకా ఎక్కువ కాలం పట్టింది. పెద్దయ్యాక బయటపడిన సైకోపతికి ఇంత నమ్మకమైన చికిత్స ఇప్పటికీ లేదు. ఐదేళ్ల కిందట మీ అక్క ఆ పేరు విని పారిపోయింది. ఆమెకు అది తిట్టులా వినిపించి ఉంటుంది. ఇది తగ్గే జబ్బు అని ఎవరైనా ఆమెకు చెప్పారా?

ఇప్పుడు మూడు నెలల సంగతి. మీ ముందు నాకు కనిపించే దారులు ఇవి.

ఆమెను ఇంటికి రమ్మనవచ్చు. రుణం తీర్చుకున్నట్టు ఉంటుంది. కానీ మీ కాపురం ఇంకా కోలుకోలేదని మీ ఉత్తరమే చెబుతోంది. వదిలేస్తారన్న భయం ఉన్న మనిషి ఒకే కప్పు కింద ఉంటే, మీరు భర్తతో తలుపు వేసుకుని మాట్లాడుకోవడం కూడా ఆమెకు వెలివేతలా తోచవచ్చు. మూడు నెలలు పూర్తయ్యాక వెళ్లమనే రోజు అన్నిటికంటే కష్టమైన రోజు అవుతుంది. రమ్మంటే వచ్చే ముందే తేదీ చెప్పాలి, చికిత్స మొదలుపెట్టడం షరతుగా ఉండాలి, పాపను ఆమె ఒక్కదాని దగ్గరే వదలకూడదు. ఈ మూడూ మాట తప్పకుండా నిలబెట్టగలనన్న ధైర్యం మీకు ఉంటేనే ఈ దారి.

పూర్తిగా తెంచుకోవచ్చు. అది పాపం కాదు, మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టకూడదు. మోసం అలాగే కొనసాగితే, పాపకు ప్రమాదమనిపిస్తే, నేనే ఆ మాట చెబుతాను. కానీ ఒక్కసారిగా, వివరణ లేకుండా తెంచుకుంటే ఆమెకు అది తల్లి పోయిన రోజులా ఉంటుంది. మీకూ తేలిగ్గా ఉండదు. కోపం చల్లారాక, తొమ్మిదేళ్ల వయసులో మీ చెయ్యి పట్టుకున్న చెయ్యే గుర్తొస్తుంది.

మధ్యలో ఒక దారి ఉంది, నా మనసు అటు మొగ్గుతోంది. ఇంట్లో వద్దు, బతుకులో ఉండనివ్వండి. ఆమెకు వేరే చోట గది వెతకడంలో సాయపడండి. డబ్బు చేతికివ్వకండి, ఇవ్వాల్సి వస్తే ఇంటి యజమానికో, డాక్టరుకో నేరుగా కట్టండి. ఫోన్‌కు ఒక సమయం పెట్టుకోండి, ఆ సమయానికి మీరే చేయండి, తప్పకుండా చేయండి. ముప్పై కాల్స్ వచ్చాక ఎత్తితే ముప్పై కాల్స్ చేస్తేనే పలుకుతారని ఆమెకు మీరే నేర్పినట్టవుతుంది. చెప్పిన టైముకు రోజూ పలికితే, పిలవకపోయినా వస్తారని నేర్చుకుంటుంది. మొదటి వారాల్లో గొడవ పెరుగుతుంది, దానికి సిద్ధంగా ఉండండి. "పెళ్లయ్యాక మారిపోయావు" అంటుంది, బంధువులకు ఫోన్లు చేస్తుంది. సంజాయిషీలు ఇచ్చుకోకండి, వాదించకండి, చెప్పిన టైముకు మాత్రం ఫోన్ చేయండి.

ఒక్క విషయంలో ఏ నియమమూ వద్దు. చచ్చిపోతానన్న మాటను, రుగ్మత ఏదైనా, ఎన్నోసారైనా, నాటకమని కొట్టిపారేయకండి. క్లెక్లీ ఏం రాసినా సరే, మీ అక్క ఇప్పటికే రెండుసార్లు తనను గాయపరచుకుంది, బోర్డర్‌లైన్ ఉన్నవాళ్లలో ఆత్మహత్యలు మామూలు జనాభా కంటే చాలా ఎక్కువ. అలాంటి మెసేజ్ వస్తే వెంటనే అత్యవసర సేవలకో, ఆమె దగ్గరలో ఉన్న మనిషికో చెప్పండి. ఒంటరిగా మీరు మాటలతో ఆపాలని చూడకండి. ఆ భారం ఒక్క చెల్లెలు మోసేది కాదు.

రక్తం గురించి భయపడ్డారు. వ్యక్తిత్వ రుగ్మతల్లో వారసత్వం పాత్ర ఉన్నమాట నిజమే, పెరిగిన పరిసరాలు కూడా ముఖ్యమే. దత్తత పిల్లల మీద జరిగిన ఒక పరిశోధన నాకు చాలా ధైర్యమిచ్చింది. కన్నతల్లి నుంచి కఠిన స్వభావం సంక్రమించే అవకాశం ఉన్న పిల్లల్లో కూడా, పెంచిన తల్లి మెచ్చుకోలు, ఆప్యాయత ఎక్కువగా ఉన్నచోట ఆ స్వభావం అంతగా బయటపడలేదు. మీ పాప వస్తువులు విసురుతోందన్నారు. ఎనిమిది నెలలు అమ్మానాన్నల మధ్య మౌనాన్ని చూసిన ఏడేళ్ల పిల్ల ఇంకేం చేస్తుంది? కోపం వేడిగా ఉండే భావం. సైకోపతిలో మనల్ని కలవరపెట్టేది చల్లదనం. విసిరేశాక ఏడుస్తుందా, మీ దగ్గరికి వస్తుందా, మీకు దెబ్బ తగిలితే మొహం మారుతుందా చూడండి. మారుతుంటే ఈ రక్తం భయం వదిలేయండి. కోపం నెలల తరబడి తగ్గకపోతే పిల్లల సైకాలజిస్టును కలవండి, పాప కోసం, ఇంట్లో జరిగినదాని కోసం. మీరు కూడా మీ కోసం ఒకరిని కలిస్తే మంచిది. ఆ తండ్రి ఇంట్లో పెరిగింది మీ అక్క ఒక్కతే కాదు. ఆమె అడ్డు నిలబడింది కాబట్టి మీకు దెబ్బలు తగలలేదు, కానీ ఆ దెబ్బలన్నీ మీరు చూశారు.

నాలుగు రోజులుగా జవాబు లేని మెసేజ్ ఒకటుంది. మీ అక్కలాంటి మనిషికి వద్దన్న మాట కంటే మౌనం ఎక్కువ భయం పుట్టిస్తుంది. కాబట్టి ఈ రాత్రే ఏదో ఒకటి రాయండి. మీరు మధ్య దారి ఎంచుకుంటే ఇలా రాయవచ్చు, మీ మాటల్లోకి మార్చుకోండి:

"అక్కా, ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమనుకోకు. మా ఇంట్లో ఉండటం కుదరదు. ఇది కోపంతో చెప్పడం లేదు. నీకు గది వెతకడానికి శనివారం నీతో వస్తాను. రోజూ రాత్రి ఎనిమిదింటికి నేనే ఫోన్ చేస్తాను. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే నేనూ వస్తాను, బయట కూర్చుంటాను. చిన్నప్పుడు నువ్వు నాకు చేసింది నేను మర్చిపోలేదు."

పంపే ముందు మీ భర్తకు చూపించండి. మీ అక్క గురించి మీ ఇంట్లో ఎవరికీ తెలియకుండా ఇకమీదట ఒక్క మాట కూడా నడవకూడదు. ఎనిమిదింటికి మీరు ఫోన్ చేసేటప్పుడు ఆయన్ను కూడా పక్కనే కూర్చోమనండి.